పన్నెండేళ్ళు దాటిన పిల్లల గురించి మాంటిస్సోరి ఏం చెప్పారు?

అమెరికాలోని తెలుగు ఇళ్ళలో మాంటిస్సోరి పేరు వినని వాళ్ళు ఉండరు. పాపకు మూడేళ్ళు రాకముందే దగ్గర్లో మాంటిస్సోరి ఎక్కడుందో, నెలకు ఫీజు ఎంతో కనుక్కుంటాం. వెయిటింగ్ లిస్టులో పేరు రాయిస్తాం. చెక్క దిమ్మెలు, పూసల గొలుసులు, చిన్న జగ్గుతో తన గ్లాసులో తనే నీళ్ళు వంచుకోవడం, ఇవన్నీ ఫోన్లో వీడియో తీసి విజయవాడలోని అమ్మమ్మకు, కరీంనగర్లోని నానమ్మకు పంపుతాం. కిండర్‌గార్టెన్ రాగానే ఆ పేరు మర్చిపోతాం. అక్కడి నుంచి మనకు తెలిసిన దారి ఒకటే. మ్యాథ్ కోచింగ్, స్పెల్లింగ్ బీ, మిడిల్ స్కూల్లోనే కోడింగ్, హైస్కూల్ అయ్యేసరికి కంప్యూటర్ సైన్సా, మెడిసినా అన్న ప్రశ్న.

ఆ పేరు గల మనిషి మాత్రం ఆరేళ్ళ పిల్లల దగ్గర ఆగలేదు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లల కోసం ఆవిడ ఒక ప్రణాళిక రాసి పెట్టారు. అందులో పొలం ఉంది, దుకాణం ఉంది, అతిథి గృహం ఉంది, యంత్రాల షెడ్డు ఉంది. ర్యాంకులు లేవు. మనలో చాలామందికి అది కొరుకుడు పడదు. అసలు ఆవిడకు ఆ ఆలోచన ఎందుకొచ్చిందో తెలియాలంటే ఆవిడ కథ మొదటి నుంచి చెప్పుకోవాలి.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలో ఆంకోనా దగ్గర కియారవల్లే అనే చిన్న ఊళ్ళో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ పొగాకు శాఖలో లెక్కలు చూసే ఉద్యోగి. తల్లి రెనిల్డే చదువుకున్నావిడ, పుస్తకాలంటే ప్రాణం. మరియా వాళ్ళకు ఒక్కతే కూతురు. తండ్రి బదిలీలతో కుటుంబం ఫ్లోరెన్స్ వెళ్ళి, 1875లో రోమ్ చేరింది.

కూతురు టీచర్ కావాలని తండ్రి కోరిక. ఆ రోజుల్లో చదువుకున్న ఆడపిల్లకు గౌరవంగా దొరికే ఉద్యోగం దాదాపు అదొక్కటే. మన ఇళ్ళలో బీటెక్ ఎంత సహజమో, అప్పట్లో వాళ్ళకు అదంత సహజం. మరియా ఒప్పుకోలేదు. పదమూడేళ్ళకు మగపిల్లలు చదివే టెక్నికల్ స్కూల్లో చేరారు. ఇంజినీరు కావాలన్నది అప్పటి పట్టుదల. తల్లి కూతురి పక్షం. ఏడేళ్ళు లెక్కలు, సైన్సు చదివి 1890లో ఆ చదువు పూర్తి చేసేసరికి మనసు మారింది. డాక్టర్ అవుతానన్నారు. ఏడేళ్ళ చదువు ఏం చేసుకుంటావని మనమైతే గొడవ చేసి ఉండేవాళ్ళం. వాళ్ళ నాన్న కూడా సంతోషించలేదు.

రోమ్ విశ్వవిద్యాలయంలో ముందు ప్రకృతి శాస్త్రాలు చదివి, తర్వాత వైద్యంలో చేరారు. మగ విద్యార్థుల మధ్య ఆడపిల్ల శవాన్ని కోయడం మర్యాద కాదని, అందరూ వెళ్ళిపోయాక సాయంత్రం పూట ఒంటరిగా ఆ పని చేసుకోమన్నారు. ఆ వాసన తట్టుకోలేక పొగ తాగేవారట. 1896లో పట్టా వచ్చింది. ఇటలీ తొలి మహిళా డాక్టర్ అని వాట్సాప్‌లో తిరిగే మాట నిజం కాదు. అంతకు ముందే కొందరున్నారు. ఆ కొద్దిమందిలో ఆవిడా ఒకరు. అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన మహిళల మహాసభలో ఇటలీ తరఫున వెళ్ళి, సమాన పనికి సమాన వేతనం కావాలని మాట్లాడి వచ్చారు.

డాక్టరయ్యాక పని దొరికింది మానసిక వైద్యశాలలో. బుద్ధిమాంద్యం ఉందని ముద్రపడ్డ పిల్లల్ని అప్పట్లో పిచ్చాసుపత్రుల్లో పెద్దవాళ్ళతో పాటే ఉంచేవారు. అక్కడి సంఘటన ఒకటి ఆవిడ జీవిత చరిత్రల్లో కనిపిస్తుంది. భోజనం అయ్యాక ఈ పిల్లలు నేల మీద పడ్డ రొట్టె ముక్కల కోసం ఎగబడతారని అక్కడ పనిచేసే ఆమె చీదరించుకుంటూ చెప్పిందట. మాంటిస్సోరి గది నాలుగు వైపులా చూశారు. చేత్తో పట్టుకోవడానికి ఒక్క వస్తువు లేదు. బొమ్మ లేదు, పుల్ల లేదు. పిల్లల ఆరాటం తిండి కోసం కాదు, వేళ్ళకు ఏదో ఒకటి దొరకాలని అనిపించింది ఆవిడకు. అక్కడి నుంచి ఇటార్, సెగ్విన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల పాత పుస్తకాలు వెతికి చదివారు. చేతులతో పట్టుకుని, తడిమి నేర్చుకునే సామాన్లు తయారు చేయించారు. 1900లో మొదలైన ప్రత్యేక పాఠశాలకు సహ సంచాలకురాలయ్యారు. ఎందుకూ పనికిరారనుకున్న ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు రాసే పరీక్షలే రాసి పాసయ్యారు. అందరూ మెచ్చుకుంటుంటే ఆవిడకు ఇంకో సందేహం పట్టుకుంది. ఈ పిల్లలే ఇంత చేయగలిగితే, మామూలు పిల్లల్ని మన బడులు ఏం చేస్తున్నట్టు?

ఆ స్కూలు సహ సంచాలకుడు డాక్టర్ జుసెప్పే మోంటెసానో. వాళ్ళిద్దరికీ 1898 మార్చి 31న ఒక కొడుకు పుట్టాడు. పేరు మారియో. పెళ్ళి కాలేదు. పెళ్ళయితే ఆడవాళ్ళు ఉద్యోగం వదిలేయాల్సిన కాలం, పెళ్ళి కాకుండా బిడ్డ ఉందని తెలిస్తే అసలేమీ మిగలని కాలం. పిల్లవాణ్ణి రోమ్ బయట పల్లెలో ఒక కుటుంబానికి అప్పగించారు. 1901లో మోంటెసానో వేరే ఆమెను పెళ్ళి చేసుకున్నారు. మాంటిస్సోరి ఆ స్కూలు వదిలేసి, ముప్పై దాటిన వయసులో మళ్ళీ విద్యార్థిగా విశ్వవిద్యాలయంలో చేరారు. ఈసారి తత్వశాస్త్రం, మానవ శాస్త్రం, విద్య. అంటే ఇంజినీరు కావాలనుకుని, డాక్టరై, చివరికి తండ్రి మొదట్లో చెప్పిన పని దగ్గరికే వచ్చారన్నమాట. కానీ తను తిరిగిన దారిలో తిరిగి వచ్చారు.

తర్వాతి కథ చాలామందికి తెలిసిందే కాబట్టి త్వరగా చెబుతాను. రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల వాడలో ఒక కంపెనీ ఇళ్ళు బాగు చేయించింది. తల్లిదండ్రులు కూలికి పోతే, పిల్లలు మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడు చేస్తున్నారు. వాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టే పని మాంటిస్సోరికి అప్పగించారు. 1907 జనవరి 6న ఆ గది తెరిచారు. సుమారు యాభై మంది పిల్లలు. ఒకరోజు టీచర్ ఆలస్యంగా వచ్చేసరికి తాళం మర్చిపోయిన బీరువా నుంచి పిల్లలే ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుని పని చేసుకుంటున్నారు. దొంగతనమని టీచర్ కోప్పడబోయింది. ఏది కావాలో వాళ్ళకు తెలిసిందని మాంటిస్సోరి సంతోషపడి, తాళాల బీరువాలు తీసేసి పిల్లలకు అందే ఎత్తులో అరలు పెట్టించారు. మన పిల్లల ప్రీస్కూల్లో ఈరోజు కనిపించే ఆ పొట్టి అరలు అలా వచ్చినవే.

1909లో పుస్తకం, 1912లో దాని ఇంగ్లీషు అనువాదం, 1913లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో ప్రసంగం, 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో అద్దాల గోడల తరగతి గది. అమెరికా ఊగిపోయింది. అంత త్వరగానూ మర్చిపోయింది. కొలంబియా విశ్వవిద్యాలయం టీచర్స్ కాలేజీలోని విలియం కిల్‌పాట్రిక్ 1914లో ఆవిడ పద్ధతిని విమర్శిస్తూ ఒక చిన్న పుస్తకం రాశారు. సామాన్లు మరీ కట్టుదిట్టంగా ఉన్నాయని, పిల్లల ఊహకూ, కలిసి చేసే పనికీ చోటు చాలలేదని ఆయన వాదన. నాలుగేళ్ళ తర్వాత అదే కిల్‌పాట్రిక్ ప్రాజెక్ట్ పద్ధతి మీద రాసిన వ్యాసం అమెరికా బడులంతా పాకింది. మన పిల్లలు ఆదివారం రాత్రి పదింటికి గుర్తొచ్చి ట్రై ఫోల్డ్ బోర్డు కావాలని మనల్ని వాల్‌మార్ట్‌కు పరిగెత్తించే ప్రాజెక్టులకు తాత ఆయనే. ఆయన విమర్శ పూర్తిగా అన్యాయం కాదని నాకనిపిస్తుంది. టీనేజీ పిల్లల కోసం మాంటిస్సోరి ఆ తర్వాత వేసిన ప్రణాళిక చూస్తే, కలిసి చేసే పనే అందులో ప్రధానం.

ఈ మధ్యలో, 1912 చివర్లో తల్లి చనిపోయారు. ఆ తర్వాత కొద్ది కాలానికే మారియో ఆవిడ దగ్గరికి వచ్చేశాడు. అప్పటికి అతనికి దాదాపు పదిహేనేళ్ళు. బయటి వాళ్ళకు మేనల్లుడనో, పెంపుడు కొడుకనో చెప్పేవారు. అప్పటి నుంచి తల్లి చనిపోయే దాకా ఆమె పనే అతని పని. ప్రపంచానికంతటికీ పిల్లవాడు తన దారి తనే వెతుక్కోవాలని చెప్పిన ఆవిడ కొడుక్కి, వేరే దారి చూసుకునే వీలు దొరికిందా? ఎన్నిసార్లు ఆలోచించినా నాకు తేలలేదు.

ఇంకో ఇబ్బందికరమైన సంగతి కూడా దాచకూడదు. 1924 నుంచి ముస్సోలినీ ప్రభుత్వం ఆవిడ స్కూళ్ళకు అండగా నిలిచింది. ఆవిడ ఆ అండ తీసుకున్నారు. పిల్లల్ని చిన్న సైనికుల్లా తయారు చేయాలన్న ప్రభుత్వంతో ఆవిడ పద్ధతి ఎంతకాలం పొసుగుతుంది? 1934 నాటికి తెగతెంపులయ్యాయి. ఇటలీలో ఆవిడ స్కూళ్ళు మూతపడ్డాయి. బార్సిలోనాలో ఉంటే 1936లో అంతర్యుద్ధం వచ్చింది. బ్రిటిష్ ఓడలో ఇంగ్లండ్ చేరి, అక్కడి నుంచి నెదర్లాండ్స్ వెళ్ళారు.

ఇలా అరవై దాటిన వయసులో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పెట్టె సర్దుకుంటూ తిరుగుతున్న రోజుల్లోనే, 1930లలో, టీనేజీ పిల్లల ప్రణాళిక రూపు కట్టింది. దానికి జర్మన్ మాటలతో ఎర్డ్‌కిండర్ అని పేరు పెట్టారు. మట్టి పిల్లలు అనుకోవచ్చు. ఆవిడ వాదన ఇలా సాగుతుంది. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మధ్య పిల్లల శరీరం పుట్టినప్పటిలాగే వేగంగా మారుతుంది. ఆ వయసులో వాళ్ళు త్వరగా అలిసిపోతారు, మనసు నిలకడగా ఉండదు. సరిగ్గా అప్పుడే బడి వాళ్ళ మీద అన్నిటికన్నా బరువైన పుస్తకాలు వేస్తుంది. ఇక రెండోది, చదువంతా ఒక ఉద్యోగానికి సిద్ధం చేయడం కోసమే నడుస్తోంది. కానీ లోకం ఎంత త్వరగా మారుతోందంటే, పిల్లవాడు చదువు పూర్తి చేసేసరికి ఆ ఉద్యోగం ఉంటుందో లేదో ఎవరికీ తెలియదు. కాబట్టి ఒకే పనికి మలచడం కన్నా, ఏ పనిలోనైనా నిలదొక్కుకునే ధైర్యం ఇవ్వాలి. దాదాపు తొంభై ఏళ్ళ కిందటి మాట ఇది. లేఆఫ్‌ల వార్తలు చదువుతూ, హెచ్‌వన్‌బీ గడువు రోజులు లెక్కపెట్టుకున్న కుటుంబాలకు దీని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

మరి ఆ ధైర్యం ఎక్కడ దొరుకుతుంది? పిల్లలు ఊరికి దూరంగా పొలం ఉన్న చోట కలిసి ఉంటారు. పండిస్తారు. పండించింది తినగా మిగిలింది అమ్మడానికి దగ్గరి ఊళ్ళో ఒక దుకాణం పెడతారు. చుట్టుపక్కల రైతులూ, చేతిపని వాళ్ళూ తెచ్చిన సరుకు కూడా అందులో అమ్మవచ్చు. చూడ్డానికి వచ్చే తల్లిదండ్రులు పిల్లలు నడిపే అతిథి గృహంలో డబ్బు కట్టి దిగాలి. పక్క వేయడం నుంచి వంట, శుభ్రం, లెక్కల పుస్తకం దాకా పిల్లలదే పూచీ. ఇంకోచోట యంత్రాల గది. విప్పడం, బిగించడం, పాడైనదాన్ని బాగు చేయడం. పైర్లకు తెగులు వస్తే జీవశాస్త్రం, ఎరువు వేస్తే రసాయన శాస్త్రం, దుకాణంలో లాభనష్టాలు చూస్తే గణితం వాటంతటవే వస్తాయి. సంగీతం, నాటకం, భాషలు, చరిత్ర పక్కనే ఉంటాయి. చదువు తగ్గించమని ఆవిడ ఎక్కడా అనలేదు. చదువుకు కాళ్ళ కింద నేల ఉండాలన్నారు.

డబ్బు విషయంలో ఆవిడ చాలా స్పష్టంగా ఉన్నారు. తన చేతులతో చేసిన దానికి ఎదుటివాడు ఇష్టపడి డబ్బు ఇస్తే, తను ఈ లోకంలో పనికొచ్చే మనిషినన్న నమ్మకం పిల్లవాడికి మొదటిసారి కలుగుతుంది. మార్కులు చూసి అమ్మానాన్న ఇచ్చే ఐఫోన్ ఆ నమ్మకం ఇవ్వదు. అలాగని వాళ్ళను రైతుల్నో, కొట్టు యజమానుల్నో చేయాలన్నది ఉద్దేశం కాదు. మనుషులు ఒకరి పని మీద ఒకరు ఎలా బతుకుతున్నారో చిన్న స్థాయిలో చేసి చూస్తే, ఆ తర్వాత ఎంచుకునేది డాక్టరు పనైనా సరే, తెలిసి ఎంచుకుంటారు. చేతులు మాత్రమే వాడే మనిషి, తల మాత్రమే వాడే మనిషి ఇద్దరూ సగం మనుషులేనని ఆవిడ లెక్క.

పన్నెండేళ్ళ పిల్లను ఇంటికి దూరంగా పంపమంటే మనలో ఎంతమంది పంపుతాం? నేనైతే పంపను. సొంత బిడ్డను పల్లెకు పంపాల్సి వచ్చిన తల్లి ఈ మాట రాయడం చదివినప్పుడు మనసు కొంచెం కలుక్కుమంటుంది కూడా. కానీ మిగతాదంతా చేయడానికి పొలమే అక్కర్లేదు కదా.

1939 నవంబరులో ఆవిడ మద్రాసు వచ్చారు. అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకూ రాజధాని మద్రాసే. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జి అరండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి పిలుపు మీద అడయారులో తాటాకు పందిళ్ళ కింద శిక్షణ తరగతులు. దేశం నలుమూలల నుంచి మూడు వందల మందికి పైగా వచ్చారు. ఆవిడ ఇటాలియన్‌లో చెబితే మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. కొన్ని నెలల్లో తిరిగి వెళ్దామనుకున్నారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగడంతో ఇద్దరూ శత్రుదేశస్తులైపోయారు. మారియోను అహ్మద్‌నగర్ నిర్బంధ శిబిరానికి పంపారు. ఆవిడను అడయారు దాటవద్దన్నారు. ఆ ఆగస్టు 31న ఆవిడకు డెబ్భై ఏళ్ళు నిండాయి. పుట్టినరోజు కానుకగా ఆమె కొడుకును విడుదల చేస్తున్నట్టు వైస్రాయ్ కబురు పంపారు. నలభై రెండేళ్ళు దాచిన సంబంధాన్ని ఒక ప్రభుత్వ కబురు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

యుద్ధం పుణ్యమా అని ఏడేళ్ళు మన దేశంలోనే ఉండిపోయారు. కొడైకెనాల్‌లో ఉన్న కాలంలో ఆరు దాటిన పిల్లలతో మొక్కలు, పురుగులు, రాళ్ళు పోగుచేయిస్తూ, భూమి కథ నుంచి మనిషి కథ దాకా ఒకే తీగగా చెప్పే పద్ధతి తయారైంది. గాంధీజీకి ఆవిడ అంతకు ముందే తెలుసు. 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్ళినప్పుడు ఆయన ఆవిడ శిక్షణ కళాశాలకు వెళ్ళి మాట్లాడారు. 1937లో వార్ధాలో ఆయన మొదలుపెట్టిన నయీ తాలీమ్‌లోనూ చేతిపనే కేంద్రం. అయితే గాంధీజీ రాట్నం లాంటి ఒక వృత్తిని పట్టుకుని దాని చుట్టూ పాఠాలు అల్లమన్నారు. మాంటిస్సోరి పిల్లవాణ్ణి అనేక పనుల మధ్య తిరగనిచ్చి తనకేది పడుతుందో చూసుకోమన్నారు. తల్లిదండ్రుల నుంచి ఇద్దరికీ ఎదురైన ప్రశ్న మాత్రం ఒకటే: మా పిల్లలు కూలిపని నేర్చుకోవడానికా బడికి పంపింది?

1946లో యూరప్ వెళ్ళి, 1947లో మళ్ళీ మన దేశం వచ్చారు. అన్ని విడతలూ కలిపి ఇక్కడ వెయ్యి మందికి పైగా టీచర్లకు శిక్షణ ఇచ్చారు. తెలుగు నేల మీద ఆ పేరు నిలబెట్టిన వాళ్ళలో విజయవాడలో మాంటిస్సోరి విద్యాసంస్థలు నడిపిన కోటేశ్వరమ్మ గారు ముందుంటారు. 2017లో ఆవిడకు పద్మశ్రీ వచ్చింది. ఈ కాలమ్ చదివే వాళ్ళలో ఆ బెంచీల మీద కూర్చున్న వాళ్ళు కచ్చితంగా ఉండి ఉంటారు.

పొలం బడి మాత్రం ఆవిడ బతికుండగా కాగితం దాటలేదు. 1948లో వచ్చిన బాల్యం నుంచి కౌమారం దాకా అనే పుస్తకంలో ఆ ప్రణాళికను చేర్చారు. దాని ఆధారంగా అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని హంట్స్‌బర్గ్‌లో ఒక పొలం బడి 2000లో మొదలైంది. క్లీవ్‌లాండ్ తెలుగు వాళ్ళకు కారులో గంట ప్రయాణం.

1952 మే 6న నెదర్లాండ్స్‌లో నార్డ్‌వైక్ అనే సముద్రతీర గ్రామంలో ఆవిడ మారియోతో మాట్లాడుతున్నారు. ఆఫ్రికాలో ఇప్పటి ఘనాకు వెళ్ళి టీచర్లకు శిక్షణ ఇవ్వడం గురించి. ఎనభై ఒకటేళ్ళ ఒంటితో ఆ ప్రయాణం కుదరదని మారియో భయం. తను ఇంక ఎందుకూ పనికిరానా అని ఆవిడ నొచ్చుకున్నారట. కాసేపటికే మెదడులో రక్తస్రావమై కన్నుమూశారు. ఆ ఊరి క్యాథలిక్ శ్మశానంలోనే ఖననం చేశారు. వీలునామాలో మారియోను తన కొడుకు అనే రాశారు.